షాట్లు కిందకే పోతున్నాయా? స్క్రూడ్రైవర్ కాసేపు పక్కన పెట్టండి

హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్ టీమ్ స్వర్ణం గెలిచింది. ఆ మరుసటి ఏడు, 2024లో, మను భాకర్ పారిస్ నుంచి రెండు కాంస్యాలు తెచ్చింది. ఆ పతకాలు చూసి పిల్లలకు ఎయిర్ పిస్టల్ నేర్పించాలని ముచ్చటపడే తల్లిదండ్రులు ఉన్నారు. నేర్చుకోవడం మొదలైన కొన్నాళ్లకే వినిపించే గోడు ఒకటుంది: షాట్లన్నీ నల్ల వృత్తం అడుగునే పడుతున్నాయి. దానికి తలా ఒక సలహా ఇస్తారు. తప్పుడు సలహాతో డబ్బు పోతే పోయింది, చేతికి పడ్డ తప్పుడు అలవాటు మాత్రం ఓ పట్టాన వదలదు. అందుకే ఈ నాలుగు మాటలు.

అపోహ: కింద పడుతున్నాయంటే సైట్ తేడా. నాలుగు క్లిక్‌లు తిప్పితే సరిపోతుంది.

ముందు టార్గెట్ కార్డు చేతిలోకి తీసుకుని చూడండి. రంధ్రాలన్నీ ఒకేచోట గుంపుగా ఉండి, ఆ గుంపు మొత్తం కిందికి జరిగి ఉంటే సైట్‌ను అనుమానించవచ్చు. కొన్ని పదిలో, కొన్ని ఎనిమిదిలో, ఇంకొన్ని ఆరు దగ్గర, కిందికి జారినట్టు చెదిరి ఉంటే అది చేతి పనే. కుడిచేతి వాటం వాళ్లకు ఆ జారుడు తరచూ కిందికీ ఎడమకూ కలిసి ఉంటుంది.

చెయ్యి ఏం చేస్తుందో చూడండి. ట్రిగ్గర్ నొక్కాల్సింది చూపుడువేలు ఒక్కటే. కానీ అది కదలగానే మిగతా మూడు వేళ్లూ తడిగుడ్డ పిండినట్టు గ్రిప్‌ను బిగిస్తాయి. పిస్టల్ మూతి కిందికి వంగుతుంది. ఎంత వంగితే ఎంత నష్టం? ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం సుమారు 32 సెంటీమీటర్లు అనుకుందాం. వెనక సైట్ గాడిలో ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు దిగితే, పది మీటర్ల అవతల షాట్ 31 మిల్లీమీటర్లు కిందికి పోతుంది. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లే. అంటే పది రావాల్సిన షాట్ ఏడు దగ్గర తేలుతుంది. పాయింట్ 22 పిస్టల్‌లో దీనికి ఇంకొకటి తోడవుతుంది: చప్పుడుకూ రీకాయిల్‌కూ ముందే భయపడి మణికట్టు మూతిని కిందికి నెట్టేస్తుంది.

తేల్చుకోవడానికి అదే పిస్టల్‌తో అనుభవమున్న షూటర్ చేత ఐదు షాట్లు వేయించండి. వాళ్లవి మధ్యలో పడితే సైట్ జోలికి పోనక్కర్లేదు, చూపులో తేడా ఉందేమో, చేతిలో ఉందేమో వెతకాలి. తర్వాత పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకుని, మూతి టార్గెట్ వైపే ఉంచి డ్రై ఫైర్ చేయండి. ట్రిగ్గర్ తెగే క్షణంలో ముందు సైట్ మునిగితే జబ్బు మీ కళ్లకే కనిపిస్తుంది. పాయింట్ 22 అయితే కోచ్ మీకు చెప్పకుండా మధ్యలో ఒక డమ్మీ తూటా పెడతారు. పేలని ఆ తూటా దగ్గర మూతి ఎంత కుంగిందో దాచడం ఎవరి తరమూ కాదు.

చేతి తప్పుకు సైట్ తిప్పితే ఏమవుతుందో తెలుసా? సరిగ్గా నొక్కిన షాట్లు పైకి పోతాయి. బాగా వేసిన షాట్‌కే శిక్ష పడుతుంది. నేర్చుకునే పిల్లలకు ఇంతకన్నా అన్యాయం లేదు.

అపోహ: నల్ల వృత్తం మధ్యలోనే చూపు పెట్టాలి.

చూపు ముందు సైట్ మీదే నిలవాలి. టార్గెట్ మసకగా కనిపిస్తే కంగారు పడొద్దు, అలాగే కనిపించాలి. టార్గెట్ స్పష్టంగా కనిపిస్తోందంటే ముందు సైట్ ఎప్పుడు దిగిందో మీకు తెలియదు. పైగా నల్లటి సైట్ నల్లటి వృత్తంలో కలిసిపోతుంది కాబట్టి, చాలామంది వృత్తం కింద తెల్లని చోట గురి నిలిపి, షాట్ మాత్రం మధ్యలో పడేలా సైట్లు సరిచేసుకుంటారు. మధ్యలో గురికి సరిచేసిన పిస్టల్‌ను తీసుకుని కింద గురి పెడితే షాట్ కిందే పడుతుంది. క్లబ్బు పిస్టల్ చేతులు మారినప్పుడు ఇది ముందుగా అడగాల్సిన మాట.

అపోహ: బరువైన గుండు కిందికి దిగుతుంది.

పది మీటర్లలో ఎయిర్ పిస్టల్ పెల్లెట్ రెండు సెంటీమీటర్లకు పైగా దిగే మాట నిజమే. కానీ అది ప్రతి షాట్‌కూ దాదాపు ఒకేలా ఉంటుంది, సైట్లు సరిచేసినప్పుడే లెక్కలోకి వచ్చేసింది. తూటాల రివాల్వర్లలోనైతే తక్కువ దూరంలో సాధారణంగా వ్యవహారం తిరగబడుతుంది. బరువైన, నెమ్మదైన గుండు బారెల్‌లో కాస్త ఎక్కువసేపు ఉంటుంది. ఆలోగా రీకాయిల్ మూతిని పైకెత్తుతుంది. అందుకే అది పైన తగిలి, తేలికైన వేగపు గుండు కింద తగులుతుంది.

అపోహ: ముందు సైట్ ఎత్తు పెంచితే షాట్ పైకి వస్తుంది.

రాదు, ఇంకా కిందికి పోతుంది. పైకి తేవాలంటే వెనక సైట్ ఎత్తాలి, లేదా ముందు సైట్ తగ్గించాలి.

అపోహ: పిస్టల్ తప్పు ఎప్పుడూ ఉండదు, అంతా షూటర్ తప్పే.

కొందరు కోచ్‌లు కసురుకుంటూ చెప్పే ఈ మాట కూడా నిజం కాదు. వదులైన సైట్ స్క్రూ, కదిలే గ్రిప్ రెండూ షాట్‌ను మారుస్తాయి. సిలిండర్‌లో గాలి పీడనం తయారీదారు చెప్పిన హద్దు కంటే పడిపోతే పెల్లెట్ వేగం తగ్గి షాట్లు ఒక్కొక్కటిగా కిందికి దిగుతాయి. మ్యాచ్‌లో 60 షాట్లు వేసేసరికి చెయ్యి అలసిపోయినా ఇలాగే దిగుతాయి గనుక రెండింటినీ విడదీసి చూడాలి. చేతికి కాస్త విశ్రాంతినిచ్చి, సిలిండర్ నింపకుండా పది షాట్లు వేయండి. తర్వాత నింపి మరో పది వేయండి. మొదటి పదీ కిందే పడి, నింపాక గుంపు పైకొస్తే, ఆ రోజు పిల్లల్ని తప్పుపట్టకండి.