మళ్ళీ మళ్ళీ నిలిచే స్టాలు

1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీకి ఆ పేరు ఏర్పడింది. ఏటా అదే రోజున జరిగే సింగరేణి దినోత్సవంలో గోదావరిఖని వంటి గని పట్టణాలలో ప్రదర్శన స్టాళ్ళు వెలుస్తాయి. ఏ ప్రదర్శనలోనైనా కర్రలకు మేకులు కొట్టి నిర్మించిన స్టాలు విప్పేటప్పుడు చీలిపోతుంది. మరుసటి ఏటికి అక్కరకు రాదు.

దీనికి పరిష్కారం గనిలోనే కనిపిస్తుంది. రామగుండం ప్రాంతంలోని అడ్రియాల గనిలో 2014లో లాంగ్‌వాల్ పద్ధతి ప్రారంభమైంది. ఈ పద్ధతిలో యంత్రం బొగ్గును కోసినకొద్దీ, పైకప్పును మోసే హైడ్రాలిక్ ఆధారాలు ముందుకు జరుగుతాయి. అడుగడుగునా కొత్త ఆధారాలు నిర్మించవలసిన పని లేదు.

స్టాలుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. మొదట మారనిదానినీ, మారేదానినీ వేరుచేయాలి. చట్రం, బల్లలు, దీపాలు మారనివి. ఆ ఏటి ఉత్పత్తి అంకెలు, చిత్రాలు మారేవి. అంకెలను గోడమీదనే లిఖిస్తే ఏడాదికే గోడ పాతబడుతుంది. మీటరు వెడల్పుగల పలకలను బోల్టులతో కూర్చితే, తొమ్మిది పలకలు మూడు మీటర్ల స్టాలుకు మూడు గోడలవుతాయి. ఇరుకైన చోట రెండు మీటర్ల స్టాలుకు ఆరు చాలు. ప్రతి పలకకూ సంఖ్య వేసి, విప్పిననాడే లెక్కచూసి, తడి తగలనిచోట భద్రపరచాలి.

అయితే పొదుపుకంటె ప్రాణరక్షణ ముఖ్యం. 2019 జనవరి 30న హైదరాబాదు నుమాయిష్‌లో చెలరేగిన మంటలకు ఎన్నో స్టాళ్ళు ఆహుతయ్యాయి. కనుక సులభంగా నిప్పంటుకొనని పలకలనే ఎన్నుకోవాలి. విద్యుత్తు తీగలను ప్రతిసారీ పరీక్షించాలి.

గనిలోకి దిగేముందు తన దీపాన్ని సరిచూసుకొనే కార్మికుని జాగ్రత్తయే ఇక్కడ మనకు ఆదర్శం. నిర్మించడం ఎంత నేర్పో, విప్పి దాచడమూ అంతే నేర్పు.