ఏ రాష్ట్రమున కాపురముండవలెను?



ఏ యూర నుండవచ్చునో, ఏ యూర నుండరాదో తెలుపు పద్యమొకటి సుమతి శతకమున గలదు. తెలుగు బాలురందరు దానిని వల్లించినవారే. ఆ కాలమున ఊరిని కొలిచిన చాలియుండెను. నేడు ఊరితోబాటు రాష్ట్రమునుగూడ కొలువవలసి వచ్చినది. ఏలయన, బిడ్డల చదువు, వృద్ధుల పింఛను, కులధ్రువీకరణ పత్రము మొదలగునవి ఊరి పొలిమేరతో గాక రాష్ట్రపు సరిహద్దుతో మారుచున్నవి.

నేను అనంతపురము సీమలో ముప్పదియైదేండ్లు ఉపాధ్యాయుడనై యుంటిని. వానలు తప్పిన యేడెల్ల బడి విడుచు పత్రములకై తల్లిదండ్రులు వచ్చుచుండిరి. వారిలో ననేకులు “అయ్యవారూ! బెంగుళూరు మేలా, హైదరాబాదు మేలా?” అని యడుగుచుండిరి. కూలి యెక్కడ హెచ్చు అనుటయే వారి భావము. అది ప్రశ్నలో సగము మాత్రమే. తక్కిన సగమును వివరించుట యీ ప్రసంగమున నా యుద్దేశము.

ఉత్తరముల మొదట మనము ‘యోగక్షేమములు’ అని వ్రాయుదుము. వాడి వాడి ఆ మాట యర్థమును మరచితిమి. లేనిదానిని పొందుట యోగము. ఉన్నదానిని కాపాడుకొనుట క్షేమము. పొరుగు రాష్ట్రమునకు పోదలచినవాడు ఈ రెంటిని వేర్వేరుగ లెక్కింపవలెను. లోకమున యోగమును లెక్కించువారే పెక్కురు. క్షేమమును లెక్కించువారు అరుదు.

మొదట యోగమును చూతము. కూలి యన్ని రాష్ట్రముల నొకటి కాదు. రిజర్వు బ్యాంకు ప్రకటించిన 2022-23 లెక్కలనుబట్టి పల్లెలలో కట్టడపు పని చేయు మగవాని దినకూలి కేరళమున సుమారు 850 రూపాయలు. దేశపు సగటు 390 రూపాయల ప్రాంతము. మధ్యప్రదేశమున 280 రూపాయలకు లోపు. ఇంతటి వ్యత్యాసమును చూచి మనసు కదలుట సహజము. కాని దినకూలి వేరు, ఏటిమిగులు వేరు. ఏడాదిలో నెన్ని దినములు పని దొరకును? గది యద్దె యెంత? మేస్త్రీ పట్టుకొనున దెంత? పండుగకు ఇల్లు చేరివచ్చుటకు నగు ఖర్చెంత? ఇవన్నియు తీసివేయగా మిగిలినదే యోగము.

ఇక క్షేమము. మన రాజ్యాంగమునందలి 19వ అధికరణము పౌరుడు దేశమున నెల్లెడల సంచరించుటకును, ఎచ్చటనైన స్థిరపడుటకును స్వేచ్ఛ నొసగినది. కావున పోవచ్చునా యను సందేహమునకు తావు లేదు. పోయినప్పుడు మన వెంట వచ్చున వేవి, వెనుక నిలిచిపోవున వేవి యనునదే విచారింపదగినది.

వెంట వచ్చువానిలో ఓటు మొదటిది. క్రొత్తచోట సాధారణ నివాసిగా పేరు నమోదు చేయించుకొనవచ్చును, రెండుచోట్ల నుండరాదు. రెండవది తిండిగింజలు. 2019లో ఆరంభమై 2022 నాటికి అన్ని రాష్ట్రములకు వ్యాపించిన ‘ఒకే దేశము, ఒకే రేషను కార్డు’ అను ఏర్పాటుచేత, 2013 నాటి ఆహారభద్రతా చట్టము క్రింద కార్డుగలవాడు తన వంతును ఏ రాష్ట్రపు చౌకధరల దుకాణముననైన వేలిముద్ర వేసి తీసికొనవచ్చును. ఇంటియొద్ద ముసలివారు కొంత, పనియొద్ద పడుచువారు కొంత తీసికొనుటకును వీలు గలదు. కాని యొక రాష్ట్రము తన సొంత ధనముతో నిచ్చు కార్డులకును, అదనపు సరకులకును ఈ వీలు లేదు. కావున కార్డు ఏ చట్టము క్రింద నిచ్చినదో బయలుదేరుటకు ముందే కనుగొనవలెను.

వెనుక నిలిచిపోవువానిలో వృద్ధుల పింఛను నుదాహరింతును. అరువదినుండి డెబ్బదితొమ్మిదేండ్ల లోపు పేదవృద్ధునకు కేంద్రప్రభుత్వపు వంతు నెలకు 200 రూపాయలే. తక్కినదెల్ల రాష్ట్రము తన యిచ్చ కొలది కలుపునది. ఆంధ్రప్రదేశము 2024లో నెలపింఛనును 4,000 రూపాయలకు పెంచెను. తెలంగాణము 2019లో 2,016 రూపాయలు చేసెను. తల్లిని వెంట తీసికొనిపోయి కాపురమును పూర్తిగ మార్చుకొన్నవానికి పాత రాష్ట్రపు పింఛను నిలువదు. క్రొత్త రాష్ట్రపు నియమమునకు లోబడి మరల కోరుకొనవలసినదే.

ఇంతకంటె గంభీరమైనది కులగిరిజన పట్టికల సంగతి. ఇవి దేశమున కంతటికి నొకటి కావు. రాష్ట్రము రాష్ట్రమునకు వేరు. సుగాలీలను చూడుడు. వారు ఆంధ్రప్రదేశమున షెడ్యూల్డు తెగలలోనివారు. కర్ణాటకమున లంబాణీలను పేర ఆ జనమే షెడ్యూల్డు కులములలో జేరినది. మహారాష్ట్రమున బంజారాలు విముక్తజాతులలో లెక్కింపబడుదురు. భాష యొకటి, తాండా యొకటి, పాట యొకటి; పట్టికలు మూడు. పోనీ, పోయినచోటి పట్టికలో చేరవచ్చునుగదా యందురా? అట్లును గాదు. ఆంధ్రదేశమున గిరిజన పత్రము గలిగి, తండ్రి యుద్యోగమునుబట్టి బాల్యమున బొంబాయి చేరిన యొక విద్యార్థి అచట వైద్యకళాశాలలో ఆ కోటా క్రింద సీటు కోరెను. ఒక రాష్ట్రమున లభించిన ఈ హోదా మరియొక రాష్ట్రమునకు వలసపోయినవాని వెంట రాదని 1990లో సుప్రీముకోర్టు నిర్ణయించెను. పత్రము చెల్లకపోలేదు, పుట్టిన రాష్ట్రమునను, కేంద్రప్రభుత్వ కొలువులకును అది చెల్లును. చేరిన రాష్ట్రపు సీట్లకును కొలువులకును మాత్రము చెల్లదు.

మరియొకటి స్థానికత. 1973లో రాజ్యాంగమున జేర్చిన 371-డి అధికరణము ననుసరించి, 1974లో కళాశాలా ప్రవేశములకును 1975లో ఉద్యోగములకును రాష్ట్రపతి యుత్తర్వులు వెలువడినవి. ప్రవేశములలో నూటికి 85 సీట్లు స్థానికులవి. అర్హతాపరీక్ష వ్రాయు సంవత్సరముతో ముగియునట్లు వరుసగా నాలుగేండ్లు ఆ ప్రాంతమున చదివియుండుట దీనికి ముఖ్యమైన కొలతగా పెట్టిరి.

ఈ రెంటి ఫలితము నా కన్నులార చూచినది. ఒక తాండానుండి అన్నదమ్ము లిద్దరు బెంగుళూరు పనికి పోయిరి. అన్న తన కూతును ఎనిమిదవ తరగతిలో వెంట గొనిపోయెను. తమ్ముడు తన కూతును ఇచ్చటనే వసతిగృహమున నుంచెను. పెద్దవాని బిడ్డ మూడేండ్లు అచట చదివి, ఇంటరునకు తిరిగివచ్చెను. వరుస తెగినందున ఇచట స్థానికురాలు గాలేదు. పత్రము చెల్లనందున అచట గిరిజన విద్యార్థిని గాలేదు. తెలివిలో చెల్లెలికి తీసిపోనిది, పట్టుదలలో మించినది. చెల్లెలు నర్సు చదువునకు సీటు సంపాదించుకొనెను. అక్క తండ్రితో ఇటుకలు మోయుటకు మరల బెంగుళూరు చేరెను. తండ్రి దుర్మార్గుడు గాడు. బిడ్డ కనులయెదుట నుండవలెనని కోరిన ప్రేమమూర్తి. ఈ నియమమును ముందుగ చెప్పువారు వానికి లేకపోయిరి. అందుచేతనే దీనిని ఇంత విపులముగ చెప్పుచున్నాను.

భాషనుగూర్చి రెండు మాటలు. తమిళనాడు 2006లోను, కర్ణాటకము 2015లోను, తెలంగాణము 2018లోను తమతమ భాషలను బడులలో నేర్పుట తప్పనిసరి చేయుచు చట్టములు చేసికొన్నవి. మాతృభాషలో ప్రాథమికవిద్యకు తగు వసతులు కల్పింప యత్నింపవలెనని 350-ఎ అధికరణము చెప్పుచున్నను, అన్ని యూళ్ల తెలుగుబడి దొరకదు. కన్నడలిపి మన లిపికి తోబుట్టువు. తలకట్టు భేదము తెలిసిన బాలుడు కొలదికాలముననే చదువగలడు. తమిళమున క, గ లకు అక్షర మొకటే యగుటచేత మన బాలునకు మొదట తికమక కలుగును. ఆరేండ్ల పసివానికి ఇవేవియు కష్టములు గావు. పదునాలుగేండ్లవానికి ఒక యేడు పోవును.

పొరుగు రాష్ట్రమున స్థిరపడి బాగుపడినవారు లేరా? పెక్కుమంది గలరు. 1953లో తుంగభద్ర నీరు పొలములకు వదలిన పిమ్మట కోస్తానుండి రైతులు తరలిపోయి గంగావతి, సింధనూరు ప్రాంతముల భూములు కొని వరి పండించిరి. వారి పల్లెలను నేటికిని క్యాంపులనియే పిలుతురు. ఆ సీమ అప్పుడు హైదరాబాదు రాష్ట్రములోనిది. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రమున జేరినది. ఏలు రాష్ట్రము మారినను వారు చెదరలేదు. ఏలయన, బంధువులతో గూడి పోయిరి, భూమిని కొనిరి, బిడ్డలను ఆ యూరి బడిలోనే వేసిరి. ఒక కాలు ఇచట, ఒక కాలు అచట పెట్టిన కాపురము గాదది.

కావున నే చెప్పునది యిది. సంపాదనకు పోవుట వేరు, కాపురము మార్చుట వేరు. సంపాదనకైనచో కూలి హెచ్చుగ నున్న రాష్ట్రమునకు పొండు. బిడ్డ చదువు వరుసను, తల్లి పింఛనును ఇంటియొద్ద చెదరనీయకుడు. కాపురమే మార్చదలచినచో బిడ్డ ఒకటవ తరగతిలో జేరకముందే మార్చుడు. అచటి భాష నేర్పింపుడు, ఓటు నమోదు చేయించుకొనుడు. బిడ్డ ఎనిమిదవ తరగతి దాటినచో ఇంటరు ముగియువరకు కదలింపకుడు. పత్రము చెల్లుట మీ బిడ్డకు ముఖ్యమైనచో, పుట్టిన రాష్ట్రమును విడుచుటకు ముందు నూరుమార్లు ఆలోచింపుడు. నియమములు మారుచుండును గనుక బయలుదేరు ముందు మండల కార్యాలయమునను, బడిలోను అడిగి తెలిసికొనుడు. అడుగుటకు పట్టునది ఒక పూట. అడుగకపోయిన నష్టము ఒక తరమునకు.

మీ యందరి యోగమును క్షేమమును గోరుచు సెలవు గైకొనుచున్నాను.