క్యాజువాలిటీలో ఎవరు ముందు?

మాది కంకిపాడు పక్క పల్లెటూరు. మా వరిచేలల్లో పాముకాటు వింతేమీ కాదు. పోయిన వానాకాలం మా బాబాయిని పాము కరిస్తే విజయవాడలో ఒక ఆసుపత్రికి తీసుకొచ్చాం. నర్సు ఆయన రక్తం కొంచెం గాజుగొట్టంలోకి తీసి, బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. మా తర్వాత వచ్చిన గుండెనొప్పి మనిషిని మాత్రం వెంటనే లోపలికి తీసుకుపోయారు! నేను కేకలేశాను.

డాక్టరుగారు చెప్పింది విన్నాక సిగ్గుపడ్డాను. ఆ గొట్టాన్ని 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారట. రక్తం గడ్డకట్టలేదంటే పింజరి విషం ఎక్కినట్టే, విరుగుడు ఎక్కించాలి. గడ్డకడితే కనిపెట్టుకుని ఉండి మళ్లీ పరీక్షించాలి. ఆ విరుగుడే కొందరి ప్రాణం మీదికి తెస్తుంది గనుక ఊరికే ఇవ్వరు. నాగుపాము, కట్లపాముల విషం నరాల మీద పనిచేస్తుంది. కనురెప్పలు వాలిపోతుంటే గొట్టం కోసం ఆగరు.

క్యాజువాలిటీ అంటే సినిమా టిక్కెట్ల క్యూ కాదు. ముందొచ్చినవాడు కాదు, ఆలస్యమైతే దక్కనివాడు ముందు. నెపోలియన్ సైన్యంలో లారే అనే శస్త్రవైద్యుడు హోదా చూడకుండా గాయం చూసి వైద్యం చేసిన పద్ధతే దీనికి మూలం.

అలాగని ప్రతి ఆలస్యమూ వైద్యం కాదు సుమా! పోలీసు కాగితాల పేరుతో ప్రమాదంలో గాయపడినవారికి చికిత్స ఆపరాదని 1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి ఎంతసేపు ఆపారన్నదే కాదు, ఆ సేపట్లో ఏం చేశారన్నదీ అడగాలి.

బాబాయి రక్తం గడ్డకట్టలేదు. విరుగుడు ఎక్కించారు, బతికాడు. ఆ 20 నిమిషాలకు కేకలేసిన నేను, ఊళ్లో మంత్రం వేయిస్తూ పోగొట్టిన రెండు గంటలూ నోరెత్తలేదు.