పెరూ దాకా ఎందుకు? పెరట్లోనే ఉన్నాయి!



పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల విషయంలో మేమూ అలాగే ఉన్నాం. ఈ హాస్టల్‌లో చదువుకుని ఇప్పుడు పి.జి. చేస్తున్న మేము ఐదుగురం. మా ఇళ్లలో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్లం. దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో మాచుపిచ్చు ఉందని, అది 1983లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిందని పోటీ పరీక్షల కోసం బట్టీ పట్టాం. కానీ నంద్యాలకు అరవై కిలోమీటర్ల దూరంలోని బెలుం గుహలను మొన్నటిదాకా చూడలేదు.

సెలవుల్లో బనగానపల్లె మీదుగా బస్సులు మారి వెళ్లాం. గుహలో వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఒక కుటుంబం, "మీరు ఇక్కడివాళ్లే కదా, ఈ గుహ ఎలా ఏర్పడింది?" అని అడిగింది. మాలో ఒకరి నాన్న ఇరవై ఏళ్లు నాపరాయి గనిలో పనిచేశాడు. అయినా ఒక్కరి నోటా మాట రాలేదు. ఆ సిగ్గే ఈ వ్యాసం రాయించింది.

వాన నీరు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడును కలుపుకొని బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. అది సున్నపురాయి పగుళ్లలోకి దిగి రాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. లక్షల ఏళ్లకు పగులే సొరంగమవుతుంది. నీటిలో కరిగిన సున్నం పైకప్పు నుంచి చుక్కలుగా జారుతూ మళ్లీ గడ్డకట్టి మర్రి ఊడల్లా వేలాడుతుంది. మన వరండాలో పరిచిన నాపబండ కూడా సున్నపురాయే. అంటే మన నాన్నలు కొట్టిన రాతిలోనే ప్రకృతి గుహ తొలిచింది!

ఈ గుహల గురించి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాశాడు. 1980ల్లో జర్మన్ బృందం లోపల కొలతలు తీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 2002లో పర్యాటక శాఖ వారు సందర్శకుల కోసం తెరిచారు. ఇప్పుడు సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు నడిచి కోటిలింగాలు, సప్తస్వరాల గుహ, పాతాళగంగ చూడవచ్చు.

మాచుపిచ్చు కథా ఇలాంటిదే. 1911లో అమెరికా ఆచార్యుడు హైరం బింగమ్ దానిని లోకానికి చాటాడు. కానీ ఆయన వెళ్లేసరికే అక్కడ రైతులు సేద్యం చేసుకుంటున్నారు. ఆయనకు దారి చూపింది ఒక పిల్లవాడు! పేరు మాత్రం బింగమ్‌కు వచ్చింది. తర్వాతి కాలంలో కొండదారుల్లో యాత్రికుల మూటలు మోసింది స్థానికులే. కూలి 20 కిలోలకు మించి మోయరాదని 2001లో అక్కడ చట్టం చేయవలసి వచ్చింది. చోటు మనదైనా, దాని గురించి చెప్పే చదువు మన దగ్గర లేకపోతే మనకు మిగిలేది మూటే.

బెలుం ఒక్కటే కాదు. నల్లమల అంచున మహానంది ఉంది. అక్కడి కోనేటిలో ఊట నీరు ఎంత తేటగా ఉంటుందంటే అడుగున పడిన నాణెం కనిపిస్తుంది. ఆ నీరే బయటికి పారి అరటి తోటలను తడుపుతుంది. ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కితే అహోబిలం. దిగువ అహోబిలం నుంచి ఎగువకు, అక్కడి నుంచి భవనాశి వాగు వెంబడి అడవిలోకి నడక. నవ నారసింహ క్షేత్రమిది. చెంచులు తమ ఆడపడుచు చెంచులక్ష్మిని పెళ్లాడిన స్వామిని అల్లుడిగా భావిస్తారు. కనుమ నాడు మొదలయ్యే పారువేటలో ఆ స్వామే పల్లకిలో నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ఊళ్లకు వస్తాడు. ఇక ఆళ్లగడ్డ ఊళ్లోనే రాతిని దేవుడిగా మలిచే శిల్పులున్నారు.

ఒక్కో సెలవుకు ఒక్కో చోటు చాలు. నీళ్ల సీసా, నోటు పుస్తకం తీసుకెళ్లండి. అడవిలోకి జట్టుగా, తెలిసినవారి తోడుతో, పగటిపూటే వెళ్లండి. చూసినదాని గురించి పెద్దలను అడిగి రాసుకోండి. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పది నిమిషాలు చెప్పడం నేర్చుకోండి. టూరిజం కోర్సులూ ఉన్నాయి, గైడు ఉద్యోగమూ గౌరవమైనదే.

పెరూకు వెళ్లే రోజు కూడా రావచ్చు. ఈలోగా ఎవరైనా "ఈ గుహ ఎలా ఏర్పడింది?" అని అడిగితే, మాలాగా మీరు తల దించుకోకూడదు.