పైల్స్ వేశారట... ఎక్కడిదాకా?

2024 డిసెంబరు 4 పొద్దున్నే ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం విజయవాడలోనూ తెలిసింది. అప్పుడే అక్కడ ఫ్లాటు చూసుకుంటున్న నా స్నేహితురాలు బిల్డరు గారిని అడిగిందట. "పైల్స్ వేశామమ్మా, ఇక భయమేముంది?" అన్నారాయన.

మెత్తటి నేలలో మామూలు పునాది కుంగుతుంది. అందుకని కాంక్రీటు స్తంభాలను లోతుగా దింపి వాటి మీద ఇల్లు నిలబెడతారు. అవే పైల్స్. బరువును కొంత చుట్టూ ఉన్న మట్టి పట్టి ఆపుతుంది, కొంత అడుగున ఉన్న గట్టి నేల మోస్తుంది. మామూలు రోజుల్లో ఏ గొడవా లేదు.

చిక్కంతా నీళ్ళు నిండిన వదులు ఇసుకతోనే. సోలలో బియ్యం పోసి నాలుగుసార్లు తట్టితే కిందికి దిగుతాయి కదా! భూమి ఊగినప్పుడు ఇసుకా అలాగే దిగబోతుంది. కానీ సందుల్లోని నీళ్ళు అంత త్వరగా బయటికి పోలేవు. రేణువులు మోయాల్సిన బరువు నీళ్ళ మీద పడి, రేణువుకూ రేణువుకూ పట్టు తప్పుతుంది. అంతవరకూ మనల్ని మోసిన నేల కాసేపు జావలా అయిపోతుంది. స్తంభాన్ని పట్టుకున్న మట్టి చెయ్యి వదిలేసిందన్నమాట. పక్కన నదో కాలువో ఉంటే మరీ కష్టం. ఆ నేల అటు జరుగుతూ స్తంభాన్ని కూడా నెడుతుంది.

1964లో జపానులోని నీగాతాలో ఇదే జరిగింది. అక్కడ ఒక భవనం కింద ఇరవై ఏళ్ళ తర్వాత తవ్వి చూస్తే పైల్స్ విరిగి ఉన్నాయి. అన్నాళ్ళూ పైన భవనం వాడుకలోనే ఉంది! తలచుకుంటే ఒళ్ళు జలదరించదూ?

మన దేశంలోనూ ఉంది. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపంలో కాండ్లా రేవులోని 22 మీటర్ల ఆఫీసు టవరు పక్కకి ఒరిగింది. దాని కింద 18 మీటర్ల పైల్స్ 32 ఉన్నాయి. పైన సుమారు పది మీటర్లు మెత్తటి బంకమట్టి, దాని కింద ఇసుక. పైల్స్ ఆ ఇసుకలోనే ఆగిపోయాయి. ఇసుక పట్టు తప్పేసరికి అవీ నిలవలేకపోయాయి. పైల్స్ లేక కాదు, ఆగకూడని చోట ఆగినందుకు వచ్చిన తంటా.

హైదరాబాదులో చాలాచోట్ల కొంచెం తవ్వగానే రాయి తగులుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో అలా కాదు, ఒండ్రు, ఇసుక పొరలు లోతుకంటా ఉంటాయి. అక్కడ సాయిల్ టెస్టు కాగితమే అసలు జాతకం. బోరు వేసి, 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి మళ్ళీ మళ్ళీ జారవిడుస్తారు. గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్క రాస్తారు. దెబ్బలు తక్కువైతే నేల వదులు. నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో, ఇసుక పొర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కూడా అందులోనే ఉంటుంది. పైల్స్ ఆ పొరను దాటి గట్టి నేలలోకి దిగాయా అన్నది ఇంజనీరు చేత చూపించుకోవాలి.

మా స్నేహితురాలు ఆ కాగితం అడిగింది. "ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా" అంటూ ఆశ్చర్యపోయి, వెతికిస్తానన్నారట బిల్డరు గారు. అడ్వాన్సు డబ్బు మాత్రం ఇంకా ఈవిడ దగ్గరే ఉంది.