దారి పొడవు కాదు, దాటే నేల

న్యూజెర్సీలోని పార్సిప్పనీలో 80వ, 287వ అంతర్రాష్ట్ర రహదారులు కలుస్తాయి. 280వది అక్కడే మొదలవుతుంది. వాటికి చేరువలోనే ట్రాయ్ మెడోస్ అనే మంచినీటి చిత్తడి నేల ఉంది. హిమయుగాంతంలో పసాయిక్ అనే మహాసరస్సు తగ్గిపోగా మిగిలిన పల్లమిది. 1967లో దీనిని జాతీయ ప్రాకృతిక విశేషంగా గుర్తించారు.

ఇలాంటి నేల వాననీటిని పట్టి ఉంచి, మెల్లగా నదికి వదులుతుంది. దానికి అడ్డంగా రహదారి కట్ట పోసి, తూములు చాలినన్ని పెట్టకపోతే ఒకవైపు నీరు నిలుస్తుంది, రెండోవైపు నేల ఎండుతుంది. చలికాలంలో మంచు కరగడానికి చల్లే ఉప్పు మరో కీడు. అందులోని క్లోరైడును సూక్ష్మజీవులు విచ్ఛిన్నం చేయలేవు. అది భూగర్భజలంలో ఏళ్ళ తరబడి పేరుకుంటుంది. సోడియం బావినీటిలో కలిస్తే, ఉప్పు తగ్గించుకోవలసిన రక్తపోటు రోగికి తెలియకుండానే ఉప్పు అందుతుంది.

ఈ నష్టాలేవీ రహదారి ప్రారంభమైన నాడు కనిపించవు. అందుకే మార్గం ఖరారు కాకముందే వాటిని అంచనా కట్టాలి. ఖరారయ్యాక మిగిలేది నష్టాన్ని కాస్త తగ్గించే ఉపాయాలే. వేరే మార్గం ఉందా, అసలు కట్టకపోతే ఏమవుతుంది అన్నవి ఈ పరిశీలనకు మూలప్రశ్నలు.

అమెరికాలో అంతర్రాష్ట్ర రహదారుల నిర్మాణానికి ఊపునిచ్చిన చట్టం 1956 నాటిది. ప్రభావాలను ముందే లెక్కగట్టమన్న జాతీయ పర్యావరణ విధాన చట్టం 1970 జనవరి 1న గాని రాలేదు. ఈ నడుమ, 1966లో, ట్రాయ్ మెడోస్ గుండా గ్యాసు గొట్టం వేయదలచిన సంస్థ విషయం న్యూజెర్సీ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ప్రకృతి రక్షణకు అంకితమైన భూమిని తీసుకోబోయే సంస్థ, ప్రత్యామ్నాయ మార్గాన్ని ఎందుకు కాదన్నదో సమర్థించుకోవాలని కోర్టు చెప్పింది.

భారతదేశంలో ఈ పరిశీలనను 1994 నోటిఫికేషన్ తప్పనిసరి చేసింది. 2006లో దాని స్థానంలో మరొకటి వచ్చింది. 2013 సవరణ ప్రకారం, ఉన్న జాతీయ రహదారిని విస్తరించేటప్పుడు నిడివి 100 కిలోమీటర్లు మించకపోతే ముందస్తు పర్యావరణ అనుమతి అక్కరలేదు. హైదరాబాదు నుంచి చేవెళ్ళ మీదుగా మన్నెగూడ వెళ్ళే దారి విస్తరణ సుమారు 46 కిలోమీటర్లే. దాని ఇరువైపులా వందలాది మర్రిచెట్లున్నాయి. పౌరులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాకే వాటి గతి విచారణకు వచ్చింది.

పొడవును మాత్రమే కొలిచే నియమానికి చెట్టూ చిత్తడీ కనిపించవు. ఒక్క కిలోమీటరు దారి కూడా ఒక వాగు నడకను మార్చగలదు. పరిశీలన అవసరమో కాదో తేల్చవలసింది ఆ దారి ఏ నేలను దాటుతుంది, ఎవరి నీటిని తాకుతుంది అన్న ప్రశ్నలతోనే.