తూర్పు లండను సైన్యము

బాపట్లనుండి చీరాలకు రైలుమీద పోవువారికి నడుమ నొక చిన్న స్టేషను తగులును. దాని పేరు స్టువర్టుపురము. మన దేశమున “పురము” అను పదము రాజుల పేళ్లకును దేవతల పేళ్లకును చేరుట వాడుక. ఇచ్చట నది చెన్నరాజధాని గవర్నరుగారి కార్యనిర్వాహకసభలో సభ్యుడుగా నుండిన సర్ హెరాల్డు స్టువర్టు అను నాంగ్లేయునకు దక్కినది. ఆ యూరిని కట్టి నడిపినవారు సర్కారు నౌకరులు కారు. లండను నగరపు దరిద్రవాటికలలో పుట్టి, మనవారిచే సాల్వేషన్ ఆర్మీ యనియు రక్షణ సైన్యమనియు పిలువబడు క్రైస్తవ సంఘమువారు. ఎక్కడి తూర్పు లండను, ఎక్కడి బాపట్ల తాలూకా! ఈ సంఘమునుగూర్చి మన మిత్రులలో కొందరు “మతము కలుపుకొనుటకు వచ్చినవారు” అని యొక్క మాటతో తేల్చివేయుదురు. మరికొందరు “దీనజనబంధువులు” అని యొక్క మాటతోనే చేతులు జోడింతురు. రెండును తొందరపాటు మాటలని మా తలంపు. సంగతి మొదటినుండి చెప్పుకొనవలసియున్నది.

ఈ సంఘమును స్థాపించిన విలియం బూత్ 1829లో నాటింగుహాము పట్టణమున జన్మించెను. తండ్రి వ్యాపారము చెడుటచేత పదుమూడేండ్ల వయసుననే యొక తాకట్టుకొట్టులో పనికి కుదురవలసివచ్చెను. దారిద్ర్యమును పుస్తకములలో చదివినవారు వేరు, తాకట్టుకొట్టు బల్లవెనుక నిలిచి చూచినవారు వేరు. పండుగనాటి కోటు, పెండ్లినాటి ఉంగరము, తుదకు పనిముట్లు, ఒకదానివెనుక నొకటి యెట్లు బల్లమీదికి వచ్చునో ఆ బాలుడు దినదినమును చూచెను. పిమ్మట మెథడిస్టు శాఖలో బోధకుడయ్యెను. ఒక్క గుడికి కట్టుబడి యుండుమని పెద్దలు నిర్బంధింపగా 1861లో ఆ యుద్యోగము విడిచెను. ఆయన భార్య కాథరిన్ సామాన్యురాలు కాదు. స్త్రీలు వేదికనెక్కి బోధింపరాదనుట లేఖనములకే విరుద్ధమని 1859లో నొక చిన్న గ్రంథము ప్రకటించి, మరుసటి యేట తానే గుడిలో లేచి బోధించెను. ఈ సంఘమునకు తండ్రి యొక్కడే యని చెప్పువారు చరిత్రలో సగము మాత్రమే చెప్పుచున్నారు.

1865వ సంవత్సరము వేసవిలో బూత్ తూర్పు లండనులోని వైట్ చాపెల్ పేటలో, “గ్రుడ్డి బిచ్చగాడు” అను పేరుగల సారాదుకాణము వెలుపల వీథిలో నిలిచి బోధించెను. క్వేకరుల పాత శ్మశానవాటికలో నొక గుడారము వేసి సభలు జరిపెను. ఆ పేట యెట్టిదో చెప్పనిదే ఆ పని యెట్టిదో తెలియదు. రేవులలో నోడల సరకు దింపు కూలీలు తెల్లవారుజామున గేట్లకడ గుమిగూడి, మేస్త్రీ వ్రేలు తమవైపు చూపునా చూపడా యని కాచియుండెడివారు. పని దొరికిననాడు కూడు, దొరకనినాడు పస్తు. 1866లో కలరా వచ్చి ఆ వాడలలో వేలకొలది జనమును తీసికొనిపోయెను. తరువాత రెండు దశాబ్దములకు చార్లెసు బూత్ అను వర్తకుడు (ఇతడు మన బూత్ గారి బంధువు కాడు) ఇల్లిల్లు లెక్క చూపించి, లండను జనులలో నూటికి ముప్పదిమంది బీదరికములో నున్నారని తేల్చెను. అది రవి యస్తమింపని సామ్రాజ్యమునకు రాజధాని యను మాట పాఠకులు మరువకుందురుగాక.

బూత్ మొదట వేరు సంఘము పెట్టదలచినవాడు కాడు. తనవద్ద మనసు మారినవారిని ఆయా గుళ్లకు పంపిన చాలునని యనుకొనెను. కాని వారు పోలేదు. పోయినవారిని గుళ్లలోనివారు చేరదీయలేదు. ముందు వరుసల పీటలకు అద్దె చెల్లించు పెద్దమనుష్యులు, చినిగిన చొక్కాతో సారావాసనతో వచ్చినవానిని ప్రక్కన కూర్చుండనిత్తురా? మన దేవాలయముల గడపలయొద్ద నేమి జరిగినదో యెరిగినవారము గనుక ఈ విషయమున నాంగ్లేయులను ఆక్షేపించుటకు మాకు నోరు రాదు. వెలివేయబడినవారే యొక సంఘమైరి. వారిలోనివారే వారికి బోధకులైరి. ఆ సంఘము పెరుగుటకు మొదటి కారణమిదియే. త్రాగుబోతునకు బోధించుటకు నిన్నటిదాక త్రాగినవాడు లేచి నిలువబడుచుండెను.

1878లో ఆ సంఘము రక్షణ సైన్యమను పేరు దాల్చెను. బోధకులు కాప్టెన్లైరి, బూత్ జనరలయ్యెను. దుస్తులు, జెండా, డప్పులు వచ్చెను. సాలిస్బరీ పట్టణమున ఫ్రై అను నిల్లుకట్టు మేస్త్రీయు అతని ముగ్గురు కుమారులును ఇత్తడి వాద్యములు తెచ్చి వీథిసభలలో వాయింప నారంభింపగా, సైన్యమునకు బ్యాండు మేళము అట్లు పుట్టెను. నాటకశాలలలో జనులు నోట పాడుకొను వరుసలకే భక్తిపదములు కట్టిరి. పండితులు నవ్విరి. మన హరికథకులును జానపదుల వరుసలు గ్రహించుటకు జంకలేదు గనుక మాకిందులో నవ్వవలసినది కనబడదు. ఆడువారు మగవారితో సమానముగా కాప్టెను పదవులు వహించి, ఇరువదియేండ్ల బాలికలు సారాదుకాణములలోనికి పోయి పత్రికలమ్ముచుండిరి. ఆనాటి యింగ్లండులో నిట్టి దృశ్యము మరియొకచోట లేదు.

సారావర్తకులకు కన్నెర్రయయ్యెను. “అస్థిపంజర సైన్యము” అను పేర అల్లరిమూకలు బయలుదేరి, ఊరేగింపులపై రాళ్లును బురదయు రువ్వెను. 1882వ సంవత్సరమొక్కదానిలోనే ఆరువందలకు పైగా సైన్యమువారు దెబ్బలు తినిరి. అందు స్త్రీలును బాలురును ననేకులు. చిత్రమేమనగా పోలీసులు పెక్కుచోట్ల దెబ్బలు తిన్నవారినే పట్టుకొనిరి. వెస్టను-సూపర్-మేరు పట్టణపు కేసు ఆ యేడాదియే లండను హైకోర్టునకు పోగా, శాంతముగా నడచువాని నడక, ఇతరులు అల్లరి చేయుదురన్న కారణముచేత నేరము కాజాలదని న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. బీటీ కేసని మన వకీళ్లందరు నెరిగినది యిదియే. 144వ సెక్షను ఉత్తరువులు వచ్చినప్పుడెల్ల మన నాయకులు తలచుకొనవలసిన తీర్పు. తలచుకొనినను మేజిస్ట్రేటులు వినిరా యను ప్రశ్న వేరు.

ఇంతవరకు నడచినది బోధయే. కూటికి సంబంధించిన పని తరువాత వచ్చెను. 1887లో నొక రాత్రి బూత్ లండను వంతెనలమీదుగా నింటికి పోవుచు, చలిలో వంతెన గూళ్లలో ముడుచుకొని పండుకొనినవారిని చూచి, మరునాడు కుమారుడగు బ్రామ్‌వెల్‌ను పిలిచి ఏదైన చేయుమని కోపించెనని సైన్యమువారు చెప్పుకొందురు. 1888లో లైం‌హౌసు పేటలో ఆహారశాలయు రాత్రి వసతియు తెరచిరి. నాలుగు పెన్నీలకు శవపేటికవంటి చెక్కపెట్టెలో పండుకొననిచ్చెడి వసతులును వచ్చెను. పేరు వినుటకు భయంకరము. కాని వంతెనక్రింద పండుకొనినవాడు దానిని సుఖమనుకొనెను.

1890లో “అంధకార ఇంగ్లండు, దాని వెలుపలి మార్గము” అను నర్థము వచ్చు గ్రంథము, పత్రికాసంపాదకుడు స్టెడ్ గారి సాయముతో వెలువడెను. స్టాన్లీ ఆఫ్రికాను చీకటిఖండమని వర్ణించిన గ్రంథము ఆ యేడాదియే వెలువడియుండెను. చీకటి ఆఫ్రికాలోనే యున్నదా, మన గుమ్మమునెదుట లేదా యని బూత్ ప్రశ్న. పరదేశములకు దీపము పట్ట బయలుదేరినవారిని వారి యింటివాడే యట్లు ప్రశ్నించుట మాకు మిగుల రుచించిన విషయము. బండిగుర్రము వీథిలో పడిన, దాని తప్పా కాదా యని విచారింపక జనులు లేవనెత్తుదురు. బ్రదికియున్నంత కాలము దానికి మేత, కొట్టము, పని దొరకును. మనుష్యునకు ఆమాత్రమైన హక్కు ఉండరాదా యని ఆయన వాదము. లక్ష పౌనులు కావలెనని యడుగగా నెలల లోపల అంతకు మించియే వచ్చెను. శాస్త్రజ్ఞుడగు హక్స్లీ మాత్రము టైమ్సు పత్రికకు లేఖమీద లేఖ వ్రాసి, ఒక్కని యాజ్ఞకు వేలమంది కిమ్మనక లోబడు సంఘము చేతికి ఇంత ధనమును ఇంత యధికారమును ఇచ్చుట ప్రమాదమని హెచ్చరించెను. నాడాతనిని నాస్తికుడని త్రోసివేసిరి. ఆ హెచ్చరికను మేము మరల స్మరింపవలసివచ్చును.

అగ్గిపుల్లల సంగతి చెప్పక పోలేము. ఆ రోజులలో తెల్ల భాస్వరముతో పుల్లలు చేయు కార్మికులకు ఆ విషము దవడయెముకకెక్కి, ఎముక కుళ్లి, ముఖము వికృతమై ప్రాణములు పోవుచుండెడివి. 1888లో బ్రయంట్ అండ్ మే కర్మాగారపు బాలికలు సమ్మె కట్టినప్పుడు వారి పక్షమున కలము పట్టినది, తరువాత మన దేశమునకు వచ్చి హోంరూలు జెండా నెత్తిన అనీ బిసెంటమ్మగారే. ఆమె ప్రకటనతో చేసిన పనిని బూత్ వ్యాపారముతో చేయ నెంచెను. 1891లో ఓల్డుఫోర్డునందు స్వంత కర్మాగారము తెరచి, హాని లేని ఎర్ర భాస్వరమునే వాడి, ఇతరులు గ్రోసునకు రెండున్నర పెన్నీలిచ్చుచుండగా తాను నాలుగు పెన్నీలిచ్చెను. పార్లమెంటు సభ్యులను, విలేఖరులను కర్మాగారమునకు పిలిచి, పిమ్మట విషము సోకిన కూలీల యిండ్లకును తీసికొనిపోయి చూపించిరి. పుల్ల ధర హెచ్చుటచేత వ్యాపారము నిలువలేదు, పదియేండ్లలో మూతపడెను. కాని పెద్ద కర్మాగారములు దారి మార్చుకొనక తప్పలేదు. 1908లో తెల్ల భాస్వరమును నిషేధించుచు చట్టమును వచ్చెను. నష్టపడి గెలిచిన వ్యాపారములు లోకమున నరుదు.

ఈ సంఘపు చరిత్రలో నింతవరకు మాకు తల వంచి నమస్కరింపవలసినదే యెక్కువ కనబడుచున్నది. ఆ వసతికి వచ్చినవాడు తనంత వచ్చెను, తెల్లవారిన తనంత పోయెను. తలుపు గడియ వాని చేతికందుచుండెను. కాని 1904లో బూత్ గారి పేర నొక చిన్న గ్రంథము వెలువడెను. పని చేయని దేశదిమ్మరులను పట్టి నిర్బంధించి, వారిచేత పని చేయించుటకు అధికారము కావలెనని అందలి కోరిక. మంచి చేయువానికి, తాను చేయు మంచిని యొల్లనివానిపై కోపము వచ్చుట సహజము. ఆ కోపమునకు సర్కారు తాళపుచెవి దొరికినచో నేమగును? ఇంగ్లండులో ఆ చెవి వారికి దొరకలేదు. మన దేశములో దొరికినది.

సైన్యము మన దేశమునకు వచ్చినది 1882 సెప్టెంబరులో. తెచ్చినవాడు ఫ్రెడరిక్ టక్కర్, పంజాబులో సివిలు సర్వీసు ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చి వచ్చినవాడు. కావిబట్టలు కట్టి, వట్టి కాళ్లతో నడచి, భిక్షాపాత్ర పట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకొనెను. దొర యిట్లు తిరుగుట తమ గౌరవమునకు లోపమని బొంబాయి యధికారులకు తోచెను. ఊరేగింపు చేసిరని పట్టి శిక్షించిరి. కొన్ని నెలలకు ముందు లండను న్యాయమూర్తులు నేరము కాదన్నదే బొంబాయిలో నేరమయ్యెను! అప్పుడు వీరి పక్షమున రాజప్రతినిధికి విన్నపము పంపినవాడు బ్రహ్మసమాజ నాయకుడగు కేశవచంద్రసేనుడు. క్రైస్తవుల స్వాతంత్ర్యమునకై యొక భారతీయుడు క్రైస్తవ ప్రభుత్వముతో వాదించిన ఈ ఘట్టమును మిషనరీ చరిత్రలు మరింత పెద్ద యక్షరములతో వ్రాసికొనవచ్చును.

పాతికేండ్లకు కథ మారెను. నాడు జైలునకు పోయిన టక్కరే, బూత్ గారి యల్లుడై బూత్-టక్కర్ అను పేరుతో 1907లో మరల వచ్చి, సర్కారుతో చేయి కలిపెను. 1908లో గోరఖపురమున డోములకు వసతి పెట్టిరి. 1911లో నేరజాతుల చట్టము చెన్నరాజధానికి విస్తరింపగా, 1913-14 ప్రాంతమున ఎరుకలవారికై స్టువర్టుపురము వెలసెను. ఎరుకలు పుట్టుదొంగలని దొరతనమువారి లెక్క. అంతకుముందు వారు గాడిదలమీదను ఎద్దులమీదను తీరపు ఉప్పును మెట్టసీమలకు, మెట్టధాన్యమును తీరమునకు చేరవేయు వర్తకులు. ఉప్పు చట్టములును రైళ్లును ఆ వర్తకమును హరించెను. జీవనము తీసినవారే నేరస్థులని పేరు పెట్టిరి.

సైన్యమువారు బడి పెట్టిరి, వైద్యము చేసిరి, బీడు నేలలు దున్నించిరి. దాచరాదు. చీరాల పొగాకు కర్మాగారమునకు కూలీలుగ పంపిరి, అదియు నుపకారమనిరి. కాని వేళకు హాజరు పలుకవలెను, పొరుగూరికి పోవలెనన్న చీటీ కావలెను, చీటీ లేక పోయిన శిక్ష. ఈ నియమము నేరము చేసినవానికే కాదు, ఆ కులమున పుట్టినవానికెల్ల. తెల్లవారగనే లేచిపోవు స్వేచ్ఛ లండను త్రాగుబోతునకుండెను, ఎరుకలవానికి లేకపోయెను. బోధించినది అదే దేవుని, ధరించినది అదే దుస్తులు. తాళపుచెవి మాత్రము చేతులు మారెను. హక్స్లీ లేఖలు ఇచ్చట జ్ఞప్తికి రాక మానవు.

చెన్నరాజధానిలో ఆ చట్టము 1947లోను, దేశమంతట 1952లోను రద్దయ్యెను. ముద్ర పోవుటకు మాత్రము చట్టము చాలలేదు. ఊరి పేరు చెప్పిననే పోలీసులు అనుమానింపగా, ఆ యూరివారు బహుకాలము బాధపడిరి. 1970ల తరువాత హేమలతా లవణముగారు ఆ గుడిసెలకు నడచిపోయి వారితో కూర్చుండి చేసిన పనికి వెనుక పోలీసు లేదు, చీటీ లేదు.

రక్షణ సైన్యము నేడు నూట ముప్పదికి పైబడిన దేశములలో పని చేయుచున్నది. లండనులో బూత్ తొలుత బోధించిన వీథిలో ఆయన విగ్రహము నిలిచియున్నది. ఇక మన సంగతి. 1913 మే నెలలో ప్రథమాంధ్ర మహాసభ బాపట్లలోనే జరిగెను. ఆంధ్రులకు వేరు రాష్ట్రము కావలెనన్న కోరిక అచ్చట చర్చకు వచ్చినదని మనవారు నేటికిని గర్వముతో చెప్పుకొనుచున్నారు, మేమును చెప్పుకొనుచున్నాము. దానికి అనతిదూరమున, దాదాపు ఆ రోజులలోనే, తెలుగుదేశములో పుట్టినవారిచుట్టు కంచె వేయబడినదని ఆ గర్వపు మాటలనడుమ నెవరైన ననుట మేమింతవరకు వినలేదు.